అరచేతి కంప్యూటరుకు తీగలేని సంబంధము



నేడు నేను మాటాడబూనిన యంత్రము పేకముక్క యంతటిది. పొడవు 85 మిల్లీమీటర్లు, వెడల్పు 56 మిల్లీమీటర్లు. దాని పేరు రాస్ప్‌బెరీ పై. పేరులో మొదటి భాగము ఒక సీమపండు. రెండవ భాగము పైథాన్ అను కంప్యూటరు భాషకు కుఱచరూపము. పిల్లలు కంప్యూటరుతో ఆడుకొనుటయే గాని దానిచేత పని చేయించుట నేర్చుకొనుట లేదని చింతించిన కేంబ్రిడ్జి విద్వాంసులు కొందఱు దీనిని కల్పించి, 2012 ఫిబ్రవరి 29వ తేదీన అమ్మకమునకు పెట్టిరి. నాటి వెల 35 డాలర్లు. ఒక్క పలకమీదనే కంప్యూటరు సమస్తము ఇమిడియుండును గాని, దానికి తెర లేదు, మీటల పలక లేదు, పైన పెట్టె సయితము లేదు. మొదటి నమూనాలకు వైఫై కూడ లేదు. మరల 2016లో ఫిబ్రవరి 29వ తేదీననే వెలువడిన మూడవ నమూనాతో వైఫై పలకమీదికి వచ్చినది. నాలుగేండ్ల కొకసారి వచ్చు ఆ తేదీమీద వారి కేదో మక్కువ కాబోలు.

ఆ మూడవ నమూనా యంత్రమొకటి 2024 వేసవిలో నా చేతికి వచ్చినది. తెనాలికి ఆమడదూరమున నున్న మా గ్రామములో ఒక పఠనమందిరము కలదు. పుస్తకములను చెదలు తినగా, పత్రికలు ఒక్కొక్కటే నిలిచిపోగా, సాయంకాలము నలుగురు వృద్ధులు తప్ప అచ్చటికి వచ్చువారు లేకపోయిరి. ఆ గదిని ఎరువుల కొట్టునకు అద్దెకిత్తమని సంఘమువారు యోచించుచుండిరి. దానిని ఏండ్లతరబడి కనిపెట్టి చూచుచున్న మాస్టారు, చిన్ననాట నాకు లెక్కలు చెప్పినవారు, నన్ను పిలిపించి ఇట్లనిరి:

"నాయనా, తెలుగు వికీపీడియా అంతా ఒక చిన్న కార్డుమీద పడుతుందట గదా! మన పిల్లల దగ్గర ఫోన్లున్నాయి, డేటాకు డబ్బుల్లేవు. ఈ గదిలో కాలు పెడితే చాలు, ఊరికే చదువుకొనేటట్టు ఏదైనా చెయ్యి."

సంఘమువారి సమావేశము రానున్న ఆదివారము. నాకు చిక్కినవి నాలుగు దినములు. యంత్రము మాస్టారు తమ పింఛను డబ్బుతో కొన్నది.

వారడిగినది సాధ్యమే. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను కివిక్స్ అను ఉచిత సాధనమువారు ఒక్క ఫైలుగా కట్టి యిత్తురు. ఆ ఫైలును మన చిన్న యంత్రములో నుంచినచో ఇంటర్నెట్టు లేకయే చదువుకొనవచ్చును. అయితే ఇందులో తీగలేని పని రెండు విధములుగా నున్నది. ఆ ఫైలును తెచ్చుకొనునప్పుడు మన యంత్రము మాస్టారి యింటి వైఫైకి శ్రోత. తెచ్చుకొన్న పిదప పఠనమందిరములో తానే ప్రసారకేంద్రము. శ్రోతను చేయుటకే నాకు మూడు సాయంకాలములు పట్టెను. ఎందుచేత పట్టెనో చెప్పినచో మీలో ఒకరిద్దఱి సాయంకాలములైనను మిగులునని నా యాశ.

తెర లేని యంత్రమునకు వైఫై పేరును పాస్‌వర్డును చెప్పుట యెట్లు? దాని వ్యవస్థ అంతయు వ్రేలిగోరంత కార్డులో నుండును. ఆ కార్డును మఱియొక కంప్యూటరులో పెట్టి, వ్యవస్థను దానిపై వ్రాసి, తెచ్చి యంత్రములో గ్రుచ్చవలెను. నేను పూర్వమెప్పుడో నేర్చిన పద్ధతి చొప్పున వైఫై వివరములన్నియు ఒక చిన్న ఫైలులో వ్రాసి, ఆ కార్డు మొదటి భాగమున నుంచితిని. యంత్రమునకు విద్యుత్తు నిచ్చితిని. ఎఱ్ఱదీపము వెలిగినది, పచ్చదీపము మిణుకు మిణుకు మన్నది. వైఫైలో మాత్రము యంత్రపు జాడ లేదు. కార్డును తీసి మరల వ్రాసితిని, ఫైలును అక్షరమక్షరము సరిచూచితిని. తప్పేమియు కానరాలేదు. ఏలయనగా తప్పు ఫైలులో లేదు. 2023 అక్టోబరులో వచ్చిన బుక్‌వర్మ్ సంచికనుండి రాస్ప్‌బెరీ పై వ్యవస్థ వైఫై బాధ్యతను నెట్‌వర్క్ మేనేజరు అను క్రొత్త కార్యకర్తకు అప్పగించినది. ఆ పాత ఫైలును ఇతడు చూడనే చూడడు. నేను వ్రాసినది బదిలీయై పోయిన అధికారి పేర పెట్టిన అర్జీ.

ఇప్పటి సరియైన దారి వేఱు. ఇమేజర్ అను పరికరముతో కార్డును వ్రాయుటకు ముందే అది మనలను కొన్ని ప్రశ్నలడుగును. యంత్రమున కేమి పేరు, వాడుకరి యెవరు, వైఫై పేరేమి, పాస్‌వర్డేమి, ఏ దేశము, దూరమునుండి ఎస్ఎస్‌హెచ్ ద్వారమున ఆజ్ఞలిచ్చుట కనుమతింతురా అని. వీటికి జవాబులు నింపి వ్రాసిన కార్డును పెట్టినవారిలో అనేకులకు నా ప్రసంగముతో పనిలేదు. తొందరలో నేను ఆ ప్రశ్నలను దాటవేసితిని.

రెండవనాడు ప్రక్కయింటి టెలివిజను అరువు తెచ్చి, యంత్రమునకు తగిలించి, మీటల పలకను గ్రుచ్చితిని. ఇది మొదటనే చేయవలసిన పని. తీగలేని సంబంధము చెడినపుడు దానిని బాగుచేయుటకు ఆ తీగలేని దారినే నమ్ముకొన్నవాడు, నూతిలో పడిన చేదను ఆ చేదతోనే తీయబోవువాని వంటివాడు. అరువు తెరయో, లేదా రౌటరునకు తగిలించు ఈథర్‌నెట్ తీగయో దగ్గర నుంచుకొనుడు. తెర వెలుగగానే అందు ఒక వాక్యము కనబడినది. దాని భావమిది: వైఫై ఆపబడియున్నది, ముందుగా నీ దేశమేదో చెప్పుము.

శ్రోతలారా, ఈ వాక్యముకడ నేను కొంచెము నిలువదలచినాను. పేరు కాదు, పాస్‌వర్డు కాదు, దేశము! మా గదిలోని యంత్రమునకు నేనే దేశపువాడనైన నేమి?

ఇప్పుడు నా మాట మీకు వినబడుచున్న విధమునే తలచి చూడుడు. ఆకాశము ఎవరికిని కంచె వేయబడని పొలము. అందఱు నొక్కసారి అఱచినచో ఎవరి మాటయు ఎవరికి వినబడదు. అందుచేత ప్రతి దేశము ఏ తరంగముపై ఎవరు పలుకవచ్చునో, ఎంత బలముతో పలుకవచ్చునో శాసించును. మన దేశమున 1933వ సంవత్సరపు వైర్‌లెస్ టెలిగ్రాఫీ చట్టము లైసెన్సు లేనిదే రేడియోపెట్టెను ఇంట నుంచుకొనుటనే నిషేధించెను. పోస్టాఫీసులో రుసుము కట్టి రేడియో లైసెన్సు పుస్తకమును తెచ్చుకొన్న తాతలు మీ యిండ్లలో నుండియే యుందురు. వినుటకే అంత కట్టుబాటు! వైఫై యంత్రము వినుటయే గాక పలుకును కూడ. అది సామాన్యుని యింటికి రావలెనన్నచో ప్రభుత్వము కొంత చోటును వదలవలసినదే. 2005 జనవరిలో 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతమున తక్కువ బలముగల పరికరములకు లైసెన్సు అక్కఱలేదని నియమములు వెలువడినవి. 5 గిగాహెర్ట్జ్ ప్రాంతమున విశాలమైన స్వేచ్ఛ 2018 అక్టోబరు నియమములతో వచ్చినది.

అన్ని దేశములు ఒక్క తీరుగా వదలలేదు. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని ఐదేసి మెగాహెర్ట్జ్ ఎడముతో ఛానళ్లుగా లెక్కింతురు. అమెరికాలో మామూలుగా వాడునవి 1 మొదలు 11 వఱకు. ఐరోపాలోను మన దేశములోను 13 వఱకు. జపానువారు పాత పద్ధతి పరికరముల కొఱకు 14వ దానిని కూడ ఇచ్చిరి. 5 గిగాహెర్ట్జ్ ప్రాంతములోనైతే కొన్ని ఛానళ్లపై వాతావరణమును కనిపెట్టు రాడారులు పనిచేయుచుండును. అచ్చట పలుకదలచిన పరికరము ముందుగా చెవియొగ్గి, రాడారు లేదని తెలిసికొని, పిమ్మట పలుకవలెను. ఇంగ్లండులో పుట్టి ఏ యూరికైనను పోవు యంత్రమునకు తానెచ్చట నున్నదో తెలియదు. తెలియనప్పుడు నోరు మూసికొనియుండుటయే మర్యాద యని దానికి నేర్పినారు. దేశమును తప్పుగా చెప్పినను చిక్కే. రౌటరు 13వ ఛానలులో పలుకుచు, యంత్రము తానమెరికాలో నున్నాననుకొన్నచో, అది ఆవంక చెవి పెట్టదు. మన ఫోనుకు కనబడు వైఫై దానికి కనబడదు. నేను మొదట విసుగుకొన్నను, ఈ సంగతి తెలిసిన పిదప ఆ చిన్న యంత్రముపై నాకు గౌరవము కలిగినది.

దేశము చెప్పు విధము సులభము. రాస్పీ కాన్ఫిగ్ అను ఆజ్ఞ నిచ్చినచో పట్టిక యొకటి వచ్చును. అందు లోకలైజేషన్ అను చోట వైర్‌లెస్ దేశమును అడుగును. ఐఎన్ అను రెండక్షరములు గల ఇండియాను ఎన్నుకొనవలెను. అటుపిమ్మట ఎన్ఎమ్‌టియుఐ అను ఆజ్ఞ నిచ్చినచో చుట్టుపట్ల వైఫై పేర్లన్నియు తెరపై వరుసగా నిలుచును. దీర్ఘమైన ఆజ్ఞలును కలవు గాని, చెవితో వినువారికి వాటిని అక్షరమక్షరముగా చదువుట దండనమే యగును. ఈ పట్టికలో బాణపుమీటలు నొక్కుట వచ్చినవారికి అన్నియు వచ్చినట్లే.

పేర్లు వచ్చినవి గాని మాస్టారి యింటి పేరు అందు లేదు! నా ఫోనులో నది నిండుగా కనబడుచున్నది. చివరకు మాస్టారి మనుమరాలు, ఎనిమిదవ తరగతి చదువుచున్నది, రౌటరు క్రింద అంటించిన కాగితము చూచి, "అంకుల్, దీంట్లో రెండు పేర్లున్నాయి. మీరు చూసేది ఐదు జీ అని ఉన్నది" అన్నది. ఆ రౌటరు రెండు ప్రాంతములలో రెండు పేర్లతో పలుకుచుండెను. మూడవ నమూనా యంత్రములో మొదటిదైన బి అను రకమునకు 2.4 గిగాహెర్ట్జ్ తప్ప వినబడదు; 5 గిగాహెర్ట్జ్ వినుశక్తి 2018 మార్చిలో వచ్చిన బి ప్లస్ రకముతో గాని రాలేదు. రెండవ పేరు పట్టికలో మొదటినుండియు నుండెను. నేనే దానిని ఎవరిదో యనుకొంటిని.

పేరు నెన్ని పాస్‌వర్డు కొట్టిన తరువాత ఒకటి రెండు క్షణములలో జరుగు వ్యవహారము వినదగినది. రౌటరు క్షణమునకు సుమారు పదిమార్లు తన పేరును చాటుచుండును. మన యంత్రము దానిని విని, లోపలికి రానిమ్మని యడుగును. అప్పుడు పాస్‌వర్డును గాలిలో పలుకునా? పలుకదు. పలికినచో వీధిలో నున్నవాడును వినును గదా! రెండు వైపులను పాస్‌వర్డు ముందే తెలియును. ప్రతివారు తమలో తామే ఆ పాస్‌వర్డును వైఫై పేరుతో కలిపి 4096 మార్లు మథించి ఒక తాళపుచెవిని చేసికొందురు. పిమ్మట ఒకరికొకరు ఏవో రెండు యాదృచ్ఛిక సంఖ్యలను పంపుకొని, వాటిపై ఆ తాళపుచెవితో ముద్ర వేసి చూపుదురు. ముద్రలు సరిపోయినచో ఇద్దఱికిని ఒకే రహస్యము తెలియునని ఋజువగును; రహస్యము మాత్రము బయటపడదు. మనలో చాలమంది యిండ్లలో నున్న డబ్ల్యూపీఏ2 పద్ధతి యిది. పేరును మథనములో చేర్చుటచేత రెండిండ్లకు ఒకే పాస్‌వర్డున్నను తాళపుచెవులు వేఱగును.

ఇందొక లోపము కలదు. ఆ ముద్రల రాకపోకలను విని వ్రాసికొన్న దొంగ, ఇంటికి పోయి తీరికగా ఒక్కొక్క మాటను మథించి, సరిపోవునేమో చూడవచ్చును. పాస్‌వర్డు ఎనిమిదక్షరములకు తగ్గరాదు, 63కు మించరాదు. ఊరందఱికి తెలిసిన మీ ఫోను నంబరును పాస్‌వర్డుగా పెట్టుకొన్నచో ఆ దొంగకు శ్రమ లేదు. సంబంధము లేని నాలుగు మాటలు వరుసగా పెట్టుకొనుడు.

ముద్రలు సరిపోయిన పిదప రౌటరు మన యంత్రమునకొక చిరునామా సంఖ్య నిచ్చును. అంతటితో సంబంధము కుదిరినది.

కుదిరిన సంబంధము పావుగంట కొకసారి తెగుటకు మొదలిడెను. పెద్దదైన వికీపీడియా ఫైలు సగములో నిలిచిపోవును. రౌటరును నిందించితిని, గోడలను నిందించితిని. తెరపై కుడివైపు పైమూలను పసుపుపచ్చని మెఱుపుగుర్తు ఒకటి వచ్చి పోవుచుండగా దానిని అలంకార మనుకొంటిని. విద్యుత్తు చాలలేదని యంత్రము మొఱపెట్టుచున్న గుర్తు అది. యంత్రమునకు రావలసినది 5 వోల్టులు, అది 4.63 వోల్టులకు దిగినచో ఆ మెఱుపు మెఱయును. ఈ నమూనాకు రెండున్నర ఆంపియర్ల విద్యుత్తు నీయగల చార్జరు కావలెను. నేను తగిలించినది పాత ఫోను చార్జరు, తీగ సన్ననిది, పొడవైనది. తెనాలి పోయి తగిన చార్జరు తెచ్చి పెట్టగా మెఱుపు మాయమయ్యెను. ఆ రాత్రి ఫైలు పూర్తిగా దిగినది. వైఫై తెగుచున్నదని చెప్పువారి నెవరినైనను నేనిప్పుడు మొదట అడుగు ప్రశ్న చార్జరును గుఱించియే.

ఇక ప్రసారకేంద్రము. దీనికి పట్టినది అరగంట. ఎన్ఎమ్‌టియుఐ పట్టికలోనే క్రొత్త వైఫై సంబంధము నొకటి చేర్చి, దాని రీతిని యాక్సెస్ పాయింట్ అని మార్చి, పేరు, పాస్‌వర్డు నిచ్చి, చిరునామాల భాగమున షేర్డ్ అను మాటను ఎన్నుకొనవలెను. అంతట యంత్రము తనకు 10.42.0.1 అను చిరునామాను తీసికొని, వచ్చిన ఫోనులకు తానే చిరునామాలు పంచును. విద్యుత్తు పోయి వచ్చినపుడు ఈ సంబంధమే తనంత తాను మొదలగునట్లును, మాస్టారి యింటి సంబంధము మొదలుకాకుండునట్లును గుర్తుపెట్టవలెను. లేనిచో యంత్రము ప్రతి ఉదయము పఠనమందిరములో మాస్టారి రౌటరును వెదకుచు కూర్చుండును.

శనివారము రాత్రి నా యింట ఫోనులో "కృష్ణానది" అని వ్రాసి చూచితిని. వ్యాసము తెఱచుకొన్నది. నిశ్చింతగా నిద్రపోతిని.

ఆదివారము పదిగంటలకు సంఘమువారు ఏడుగురు, పిల్లలు ముప్పదిమంది వచ్చిరి. ఏ ఫోనులోను మా వైఫై పేరు లేదు. తలుపు దగ్గరనున్న ఇద్దఱు పిల్లలకు కొంత కనబడి మాయమైనదట. సంఘాధ్యక్షులు గడియారము చూచుకొనుచుండిరి. మాస్టారు నావంక చూడలేదు. అది నాకు మఱింత బాధ కలిగించినది. యంత్రమునకు చార్జరు ఉన్నది, దేశము చెప్పబడినది, దీపములు వెలుగుచున్నవో లేదో చూతమని, "యంత్రమెక్కడ పెట్టినారండీ?" అని గ్రంథాలయపు పనివాని నడిగితిని.

"దొంగలు పడతారని బీరువాలో పెట్టి తాళం వేశానండి. వైరు వెనక కంతలోనుంచి తీశాను" అన్నాడు.

ఇనుప బీరువా! మన రేడియో మధ్యతరంగములు వందల మీటర్ల పొడవైనవి, 2.4 గిగాహెర్ట్జ్ తరంగము పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు మాత్రమే. ఇనుపరేకు దానిని అద్దమువలె త్రిప్పికొట్టును. తలుపు సందులగుండ వెలువడిన కొంచెపాటిదే ఆ యిద్దఱు పిల్లలకు అందినది. పైగా ఈ యంత్రపు ఏరియలు పలక మూలను అంటించిన బియ్యపుగింజ వంటిది. చుట్టు లోహమున్నచో దానికి ఊపిరాడదు. మనుష్యదేహములోని నీరు కూడ ఈ తరంగములను కొంత మ్రింగును గనుక, నిండిన గదిలో యంత్రము తలలకంటె ఎత్తున నుండుట మేలు. బీరువా తాళము తీసి, యంత్రమును చెక్కపలకపై గూటిలో నుంచితిమి. రెండు నిమిషములలో వ్యవస్థ మేల్కొన్నది. మనుమరాలు సుద్దముక్కతో గోడపై 10.42.0.1 అని పెద్ద అంకెలతో వ్రాసినది. మొదట తెఱచుకొన్న వ్యాసము చందమామ పత్రికను గుఱించినది. దానిని ఎన్నినది పిల్లలు కాదు, సంఘాధ్యక్షులే.

ఎరువుల కొట్టు ప్రస్తావనను సంఘమువారు సంక్రాంతి వఱకు వాయిదా వేసిరి. సంక్రాంతికి మరల వాయిదా వేసిరి. యంత్రము ఇప్పుడును ఆ గూటిలోనే యున్నది. పిల్లి త్రోసివేయకుండ మాస్టారు దానిని కిటికీ చువ్వకు నూలుదారముతో కట్టినారు. ఇనుపతీగతో కట్టబోగా నేనే వలదంటిని.